వడ్డించినవాళ్ళు ఏమీ రాయలేదు

ఆతిథ్యాల చరిత్ర అంతా తిన్నవాళ్ళు రాసిందే. వడ్డించినవాళ్ళు గిన్నెలు కడుక్కుని పడుకున్నారు. ఏడో శతాబ్దంలో, 639 ప్రాంతంలో, హుయాన్‌త్సాంగ్ ధాన్యకటకం వచ్చాడు. ఇప్పటి అమరావతి, ధరణికోట అన్నమాట. అక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులు ఆయనకు తారసపడ్డారు. మహాసాంఘికుల త్రిపిటకంలో వాళ్ళు దిట్టలు. ఆయన కొన్ని నెలలపాటు అక్కడే ఉండిపోయి వాళ్ళ దగ్గర అభిధర్మం చదువుకున్నాడు. వాళ్ళు తిరిగి ఆయన చేత మహాయాన శాస్త్రాలు చెప్పించుకున్నారు. ఆయన శిష్యుడు హుయీలీ రాసిన జీవితచరిత్రలో ఈ ముచ్చట ఉంది. సాంస్కృతిక వినిమయం అని ఇప్పుడు ఫైళ్ళ మీద రాసుకునే వ్యవహారానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ నాకు కనబడదు. జెండాలు లేవు, ఉపన్యాసాలు లేవు, ఇద్దరికీ పాఠం ఉంది.

ఆ అతిథి స్వదేశం చేరాక చూసినదంతా గ్రంథస్థం చేశాడు. మన నేల సారవంతమైనదనీ, ఎండలు ఎక్కువనీ, జనం నల్లగా ఉంటారనీ, ముక్కోపులనీ, అయినా చదువంటే గౌరవమనీ అందులో ఉంది. మన భాష మధ్యదేశపు భాష కాదనీ, అక్షరాల తీరు మాత్రం ఇంచుమించు అదేననీ కూడా గమనించాడు. బాగానే చూశాడు. కాని సుభూతి, సూర్యుడు ఆయన గురించి ఏమనుకున్నారు? చైనా భిక్షువు మన ఉక్కకు ఎలా ఓర్చుకున్నాడు, పాఠం మధ్యలో ఎన్నిసార్లు అడ్డం తగిలాడు, రాత్రిళ్ళు ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడా? దీని మీద ఒక్క అక్షరం మిగల్లేదు. ముక్కోపి జనం అన్న ముద్ర మాత్రం పదమూడు వందల ఏళ్ళుగా నిలిచి ఉంది. కాదని వాదించబోతే కోపం వస్తుంది, అదొక ఇబ్బంది.

2018 వేసవిలో నేనూ ఒక చైనా ఇంట్లో అతిథిగా ఉన్నాను. యువజనుల మార్పిడి కార్యక్రమం ఒకటి మా గుంపును ఫుజియాన్ రాష్ట్రంలోని చువాన్‌జౌ నగరానికి తీసుకుపోయి, తలా ఒక ఇంటికి పంచింది. నా వంతుకు వచ్చిన ఇంట్లో తండ్రి రాతి వ్యాపారంలో లెక్కలు చూస్తాడు, తల్లి బడిపంతులమ్మ, కొడుకు హైస్కూలు. తండ్రి తల్లిని అందరూ అమా అని పిలుస్తారు, నేనూ అదే పిలిచాను. ఇప్పుడు ఈ సంగతులన్నీ రాస్తున్నది మళ్ళీ తిన్నవాడే. అందుకని ఇందులో న్యాయం పాలు ఎంతో ముందే కాస్త తగ్గించి చూసుకోవడం మంచిది.

ఆ అపార్ట్‌మెంటులో నాకు మొదట పరిచయం తగిలింది మనిషి కాదు, రాయి. లిఫ్టు ముందర నేల నల్లగా నిగనిగలాడుతూ, లోపల బంగారు రవ్వలు చల్లినట్టు ఉంది. ఆ రాయిని ప్రకాశం జిల్లావాడు ప్రపంచంలో ఎక్కడైనా గుర్తుపడతాడు. అది మా ముండ్లమూరుకు పొరుగున ఉన్న చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు. ఆ రవ్వలు బంగారం కావు, బ్రాంజైట్ అనే ఖనిజపు తునకలు. చీమకుర్తి, రామతీర్థం క్వారీల్లో దిమ్మెలుగా తీస్తారు. ఓడల్లో వెళ్ళిన దిమ్మెలను చువాన్‌జౌ పొరుగున ఉన్న ష్వెయ్‌తౌ లాంటి రాతి పట్టణాల్లో పలకలుగా కోసి, సానపెట్టి, ఇలా లిఫ్టుల ముందు పరుస్తారు. నేను చెప్పులు విడిచి ఆ నేల మీద నిలబడితే, ఇంటివాళ్ళు దాన్ని వినయం అనుకుని ముచ్చటపడ్డారు. వినయం కాదు, మా ఊరి వైపు నేల కాలికి తగిలితే ఎలా ఉంటుందో చూశాను. చల్లగా ఉంది. ఆ రాయి నాకంటే ముందే వచ్చి స్థిరపడింది. దానికి ధర కట్టారు కనుక ఆతిథ్యం ఇవ్వలేదు. నాకు ధర లేదు కనుక ఆతిథ్యం ఇచ్చారు. ఈ రెండు మర్యాదల్లో ఏది గట్టిదో చెప్పడం కష్టం, రాయి మాత్రం ఇంకా అక్కడే ఉంది.

ముండ్లమూరులో నన్ను ఎవరూ దేనికీ ప్రతినిధి అనుకోరు. మా వీధికి కుళాయి కావాలని అర్జీ పెట్టాల్సి వచ్చినా సంతకానికి వేరేవాళ్ళను వెతుక్కుంటారు. విమానం దిగిన మరునాడే నూటముప్పై కోట్ల పైచిలుకు జనానికి నేను ప్రతినిధినయ్యాను. అంతకుముందు ఏడు, 2017లో, చైనా థియేటర్లను దంగల్ ఊపేసింది. అందుచేత మొదటి ప్రశ్న కుస్తీ గురించి. మా వైపు కుస్తీల కంటే ఎడ్ల బండలాగుడు పందేలకే జనం బారులు కడతారని చెప్పి, ఫోనులో ఒంగోలు గిత్తల జత బండను లాగుతున్న వీడియో చూపించాను. వాళ్ళు నోరు తెరుచుకుని చూశారు. మరునాడు వచ్చిన చుట్టాలకు ఇంటాయన, ఇండియాలో ప్రతి పండగకూ ఎడ్లు బండలు లాగుతాయని వివరించాడు. నేను సర్దిచెప్పలేదు. కాశ్మీరులోనో అస్సాములోనో ఏం చేస్తారో నాకు మాత్రం ఏం తెలుసు?

పక్క ఫ్లాటు పెద్దాయన ఒక సాయంత్రం పనిగట్టుకుని వచ్చి, నా ఎదురుగా కూర్చుని, రాజ్‌కపూర్ ఆవారాలోని పాట మొదటినుంచి చివరిదాకా పాడాడు. 1951 నాటి ఆ సినిమా 1950ల్లోనే చైనా వెళ్ళింది, మళ్ళీ డెబ్బైల చివర్లో అక్కడి జనం విరగబడి చూశారు. ఆయన పాట ఆపి, మిగతాది నన్ను అందుకోమని చేత్తో సైగ చేశాడు. నాకు పల్లవి దాటి రాదు. హిందీ నేను పరీక్షకు చదివినవాణ్ణి. ఆ క్షణాన ఆ గదిలో ఇద్దరిలో ఎవరు ఎక్కువ భారతీయులంటే తీర్పు ఆయనకే పోతుంది. ఆ ఇంటి కుర్రాడు ఇంకో మెట్టు పైకి వెళ్ళాడు. చువాన్‌జౌలో దొరికిన 1281 నాటి తమిళ శాసనం ఫొటో తెచ్చి చదవమన్నాడు. అప్పట్లో అక్కడ వ్యాపారం చేసుకున్న తమిళులు శివాలయం కట్టుకుని, తమకు చోటిచ్చిన ఖాన్ క్షేమం కోరి చెక్కించిన శాసనం అది. నాకు తమిళం రాదన్నాను. ఇండియా రాతే కదా అన్నాడు. కాదని చెప్పడానికి రాష్ట్రాలూ భాషలూ లిపులూ గంటసేపు వివరించాను, ఫోను తర్జుమా చేసింది. చివరికి అతనికి అర్థమైంది ఒక్కటే, నేను చదువు ఎగ్గొట్టానని.

ఆదివారం అందరం కలిసి కైయువాన్ ఆలయానికి వెళ్ళాం. 686లో మొదలైన పెద్ద బౌద్ధ క్షేత్రం అది. ప్రధాన మందిరం వెనక పక్క రెండు రాతి స్తంభాలున్నాయి, శిథిలమైన ఆ శివాలయం నుంచే తెచ్చి నిలబెట్టారంటారు. వాటి మీద కృష్ణుడి లీలలు కొన్ని చిన్న చిన్న వలయాల్లో చెక్కి ఉన్నాయి. ఒక వలయంలో నరసింహుడు హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకుని చీలుస్తున్నాడు. అహోబిలానికీ మాల్యాద్రికీ మొక్కులు మొక్కుకునే ప్రాంతంవాణ్ణి కనుక నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఆ కుటుంబం చిన్నప్పటినుంచీ ఆ స్తంభాల పక్కనే నడిచింది. పరదేశపు బొమ్మలని తెలుసు, అంతకుమించి పట్టించుకోలేదు. ఆ రోజు మొదటిసారి ఆగి చూశారు. నేను ప్రహ్లాదుడి కథ చెప్పాను. కొడుకును చంపబోయిన తండ్రి గతి విని ఇంటాయన తన కొడుకు వైపు చూశాడు. ఆ కొడుకు కథను చాలా శ్రద్ధగా విన్నాడని ఒప్పుకోవాలి. నా ప్రాతినిధ్యం మొత్తంలో ఫలించిన ఘట్టం అదొక్కటే, అదీ నేను ప్రతినిధినన్న సంగతి మరిచిపోయినప్పుడు.

అన్నం దగ్గర వ్యవహారం వేరు. అక్కడ ఇద్దరూ మర్యాదస్తులే కావడం వల్ల కష్టం వచ్చింది. మన పద్ధతిలో విస్తట్లో మెతుకు వదలకూడదు, వదిలితే వండినవాళ్ళకు తప్పు పట్టినట్టు. వాళ్ళ పద్ధతిలో అతిథి గిన్నె అడుగు కనబడకూడదు, కనబడితే పెట్టినవాళ్ళు పొదుపు చేసినట్టు. నేను మర్యాదగా ఊడ్చిపెట్టుకుంటాను, అమా మర్యాదగా నింపుతుంది. చేపముక్క, ముల్లంగి, గుడ్డు, మళ్ళీ చేప. ఆవిడ చాప్‌స్టిక్స్ బల్ల అటు చివరనుంచి చేపను ముల్లుకు ముల్లుగా విప్పి తీసుకొచ్చి, నా గిన్నెలో పెట్టే తీరు చూస్తుంటే వద్దనడానికి నోరు రాదు. నోరు వచ్చి వద్దన్నా లాభం లేదు. మనకూ వాళ్ళకూ మొదటి వద్దును ఎవరూ లెక్కలోకి తీసుకోరు, రెండోది బిడియం, మూడోదాని దగ్గర ఆలోచిస్తారు. ఈ ఆటలో నేను పుట్టి పెరిగినవాణ్ణి, ఆవిడ నాకంటే యాభై ఏళ్ళు ముందు మొదలుపెట్టింది. చివరికి మన పంక్తిలో మారు వడ్డనకు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టే గిన్నె మీద అరచెయ్యి బోర్లించాను. ఆ సైగకు ఫోను అక్కర్లేకపోయింది. ఆవిడ నవ్వి, ముక్కను కొడుకు గిన్నెలో వేసింది.

ఆ ప్రాంతపు వంటలో కారం తక్కువ, తీపి కాస్త ఎక్కువ. ఇంటినుంచి తెచ్చుకున్న కందిపొడి డబ్బా బల్ల మీదికి వచ్చింది. అన్నంలో పొడి వేసి, నూనె పోసి, చేత్తో కలిపాను. అందరూ తినడం ఆపి నా చేతివేళ్ళనే చూశారు. కుర్రాడు తనూ ప్రయత్నించాడు, ముద్ద అరచేతిలోకి జారి మోచేతిదాకా వచ్చింది. వాళ్ళమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. ఆ కన్నీళ్ళలో కారం వాటా ఎంతో తెలియదు, ఆమె కూడా ఒక చెంచాడు తినే ఉంది.

నీళ్ళ సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. జూలై ఉక్కలో, ఒళ్ళంతా చెమటతో ఇంట్లోకి అడుగుపెడితే, వేడినీళ్ళ గ్లాసు చేతికిస్తారు. గోరువెచ్చన కాదు, ఊదుకుని తాగాల్సిన వేడి. ఇంట్లో ఫ్లాస్కు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. హోటల్లోనూ అంతే, రైలు పెట్టెల్లోనూ మరిగే నీళ్ళ కుళాయి ఉంటుంది. పాత వైద్యం చెప్పిన అలవాటుకు 1952లో మొదలైన ఆరోగ్య ఉద్యమం తోడై, కాచిన నీళ్ళు తాగడం వాళ్ళకు నాగరికతలో భాగమైపోయింది. చల్లటి నీళ్ళు అడిగితే అమా నన్ను జబ్బుమనిషిని చూసినట్టు చూసేది. మా గుంపులో కొందరికి ఇది వింత. నాకు మాత్రం అంత వింత అనిపించలేదు. దర్శి, పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు పుట్టినవాడికి నీళ్ళంటే అనుమానించాల్సిన వస్తువని చిన్నప్పుడే తెలుస్తుంది. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, పళ్ళ మీద గోధుమరంగు చారలు, వంగిన కాళ్ళు మాకు పాఠ్యపుస్తకంలో చదివిన విషయాలు కావు. సాగర్ కాలువ నీళ్ళు చెరువుకు ఎక్కిన ఊరివాళ్ళు అదృష్టవంతులు, ఎక్కనిచోట ఇరవై లీటర్ల క్యానే గతి. మరిగిస్తే క్రిములు చస్తాయి కాని ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై తగ్గిన కొద్దీ అది చిక్కబడుతుంది. అంటే ఆవిడ విశ్వాసం మా ఊళ్ళో పనికిరాదు. అయినా నీటిని అంత గౌరవంగా చూసే ఇల్లు నాకు పరాయి ఇల్లు అనిపించలేదు. తిరిగొచ్చాక కొన్నాళ్ళు వేడినీళ్ళు తాగాను, మే నెల రాగానే మానేశాను.

మీ ఇల్లే అనుకోండి అని అంటారు, అన్ని దేశాల్లోనూ అంటారు. ఆ మాటను అక్షరాలా తీసుకుని అతిథి ఫ్రిజ్ తలుపు తీస్తే, టీవీ చానల్ మారిస్తే, కరెంటు బిల్లు ఎంతొచ్చిందని అడిగితే ఇంటివాళ్ళ ముఖం చూడాలి. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. సొంత ఇంట్లో మనిషికి సౌకర్యాలకంటే ముందు పనులుంటాయి. బియ్యం బస్తా దింపడం, మోటారు ఆపడం, ఫలానా బాబాయి వస్తున్నాడంటే బస్టాండుకు పోవడం. అతిథికి ఏ పనీ ఇవ్వరు. తిన్న గిన్నె తీయబోతే లాక్కుంటారు. మీ ఇల్లే అంటూనే, అది మీ ఇల్లు కాదని రోజుకు పదిసార్లు ఎంతో ప్రేమగా గుర్తుచేస్తారు. నేను ఊళ్ళో ఉన్నప్పుడు పని తప్పించుకోవడంలో పేరు మోసినవాణ్ణి. అక్కడ మాత్రం పని లేక విలవిలలాడిపోయాను.

నాకు పని ఇచ్చింది అమా ఒక్కతే. ఒక మధ్యాహ్నం పచ్చి వేరుశనగ కాయలు బుట్టెడు తెచ్చి బాల్కనీలో కూర్చుని ఒలవసాగింది. నేను ఎదురుగా పీట లాక్కుని కూర్చుంటే వద్దనలేదు. కాయను అతుకు నిలువుగా ఉండేట్టు పట్టుకుని, ముక్కు దగ్గర బొటనవేలితో నొక్కితే టప్పుమని విచ్చుకుంటుంది, అది మా ఇంట్లో నేర్చుకున్న విద్యే. ఆవిడా అలాగే నొక్కింది. తప్పలు ఒక పక్క, పురుగు పట్టినవి ఒక పక్క, గట్టి గింజలు గిన్నెలో. నేను తప్పలను కూడా గిన్నెలో పడేస్తుంటే, తల ఎత్తకుండానే ఏరి నా ఒళ్ళో పారేసింది. రెండోసారి పారేసినప్పుడు ఏదో అంది. అది మర్యాదకు అనే మాట కాదని గొంతు చెబుతూనే ఉంది. ఫోను లోపల గదిలో ఉంది, తెచ్చుకోవాలని ఇద్దరికీ అనిపించలేదు. సాయంత్రానికి ఆ గింజలు చక్కెర వేసి మెత్తగా ఉడికించిన పాయసం లాంటి పులుసుగా మారి బల్ల మీదికి వచ్చాయి. నా గిన్నెలో ఆ రాత్రి ఆవిడ ఒక్కసారే వేసింది.

వడ్డించినవాళ్ళు ఏమీ రాయలేదన్నాను కాని, నా విషయంలో ఒక కాగితం ఉంది. కార్యక్రమం నడిపినవాళ్ళు ప్రతి ఇంటికీ ఒక ఫారం ఇచ్చారు. అతిథి ఎలా ఉన్నాడో నింపి పంపాలి. చివరి రోజుల్లో అమ్మానాన్నలు ఇద్దరూ బల్ల దగ్గర చాలాసేపు తర్జనభర్జన పడి దాన్ని నింపారు. టీ తాగే నెపంతో నేనూ ఓ చూపు వేశాను. ప్రశ్నలన్నీ చైనా లిపిలో ఉన్నాయి, పక్కన గళ్ళు, గళ్ళలో టిక్కులు. ఎక్కువ టిక్కులు కుడివైపు చివరి గడిలో ఉన్నాయి, రెండు మాత్రం మధ్యలో. కుడి చివర అంటే చాలా మంచిదా, చాలా చెడ్డదా? అదీ తెలియదు. కింద ఇంటావిడ మూడు వరుసలు సొంతంగా రాసింది. ఆ మూడు వరుసల్లో కందిపొడి ఉందో, తెల్లవారకముందే లేచి బాత్‌రూములో నీళ్ళు ధారపోసుకునేవాడని ఉందో, ముక్కోపి అని ఉందో నాకు ఎన్నటికీ తెలియదు. సుభూతి, సూర్యుడు ఇలాంటి ఫారం ఒకటి నింపి ఉంటే చరిత్రకారులు దాని కోసం పోట్లాడుకునేవాళ్ళు.

ఇంటివాళ్ళు రాసిన రాత మన వైపు ఒకటి మిగిలింది, మోటుపల్లిలో. 2022 దాకా ప్రకాశం జిల్లాలోనే ఉన్న ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అక్కడ అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవారట. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద ఇంత సాహసం చేసి వచ్చినవాళ్ళ మీద దయతో, న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని ఆయన మాట ఇచ్చాడు. ఆ వెంటనే సుంకాల పట్టీ ఉంది. గంధానికి ఇంత, ముత్యాలకు ఇంత, చీనీ కర్పూరానికి ఇంత, పట్టు నూలుకు ఇంత. దీన్ని ఆతిథ్యమనాలా, వ్యాపారమనాలా అంటే తేలదు. దయ అని మొదలై రేటు దగ్గర ముగుస్తుంది. కాని సముద్రం దాటి వచ్చినవాడికి ఎంత కట్టాలో ముందే తెలియడాన్ని మించిన దయ ఇంకొకటి ఉంటుందనుకోను. నా గిన్నెలో ఎన్నిసార్లు వేస్తారో ముందే ఒక పట్టీ ఇచ్చి ఉంటే నేనూ నిశ్చింతగా తినేవాణ్ణి.

ఆ రెండు ఊళ్ళనూ ఒకే పుస్తకంలోకి ఎక్కించినవాడు మార్కోపోలో. చువాన్‌జౌను ఆయన జైతూన్ అన్నాడు, 1290ల మొదట్లో అక్కడే ఓడెక్కి ఇంటిదారి పట్టాడు. మోటుపల్లిని ముత్‌ఫిలి అన్నాడు. ఆ రాజ్యాన్ని ఏలుతున్న రాణి న్యాయశీలి అని మెచ్చుకున్నాడు, అయితే ఆమెను చనిపోయిన రాజుగారి భార్యగా రాశాడు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. లోయలో మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటికి అంటుకున్న వజ్రాలతో సహా ఎత్తుకొస్తాయన్న కథ కూడా అక్కడిదేనని చెప్పాడు. అతిథి రాతకు ఇది కొలబద్ద. న్యాయం గురించి సరిగ్గా చెప్పాడు, చుట్టరికం తప్పాడు, వజ్రాల దగ్గర ఎవరో చెప్పింది నమ్మాడు. నా రాతలో ఏది న్యాయమో, ఏది చుట్టరికమో, ఏది గద్దలో విడదీసి చెప్పగలవాళ్ళు చువాన్‌జౌలో ఉన్నారు, వాళ్ళకు తెలుగు రాదు.

2020 జూన్‌లో గల్వాన్ లోయలో రెండు సైన్యాలు తలపడ్డాయి. ఆ నెల 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది, అందులో వీచాట్ ఒకటి. ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్న దారి అదే. పండగల ఫొటోలు, అమా మోకాళ్ళ నొప్పులు, కుర్రాడి మార్కులు అన్నీ ఒక్క రోజులో ఆగిపోయాయి. దేశాల మధ్య కోపం ఇళ్ళ మధ్య దూరం కాదని చెప్పుకోవడం బాగుంటుంది కాని, పాస్‌వర్డు పనిచేయనప్పుడు ఆ మాట అంతగా ఓదార్చదు. కొన్నాళ్ళకు కుర్రాడు ఈమెయిలు పట్టుకున్నాడు. వీచాట్‌లో రోజుకు పది బొమ్మలు పంపిన కుటుంబం, ఈమెయిలులో మూడు నెలలకు ఒక పేజీ రాయడం మొదలుపెట్టింది. విచిత్రంగా ఆ పేజీలో సంగతులు ఎక్కువ.

2024 డిసెంబరు 21 నుంచి 23 దాకా వరుసగా మూడు రోజులు మా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కంపించింది. చిన్న ప్రకంపనలే. గిన్నెలు కదిలాయి, జనం వీధుల్లోకి పరుగెత్తారు, టీవీవాళ్ళు వచ్చారు. ఊరి పేరు దేశమంతా వినబడిన సందర్భం కనుక కొంత గర్వంతో ఉత్తరం రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. ఆ ఏడు ఏప్రిల్ 3న తైవాన్‌లో వచ్చిన పెద్ద భూకంపం ఫుజియాన్ తీరాన్నీ ఊపింది, కనుక వాళ్ళకు ఈ విషయంలో మాకంటే అనుభవం ఎక్కువ. మంచం పక్కన చెప్పులు పెట్టుకోవాలి, గాజు పెంకులు గుచ్చుకోకుండా. టార్చి దగ్గర ఉండాలి. బీరువాను గోడకు బిగించాలి. లిఫ్టు ఎక్కకూడదు. ముండ్లమూరులో లిఫ్టు దేనికి అని నవ్వుకున్నాను కాని, బీరువా బిగించాను. వాళ్ళు నాకు రాసిన వాటిలో మర్యాద మాటలు ఒక్కటీ లేని ఉత్తరం అదే.

2025 జూలైలో మన ప్రభుత్వం చైనావాళ్ళకు పర్యాటక వీసాలు మళ్ళీ ఇవ్వసాగింది. అక్టోబరు చివర కలకత్తా నుంచి గ్వాంగ్‌జౌకు నేరుగా విమానం మొదలైంది. ఇక రాకపోవడానికి సాకు లేదని వాళ్ళకు రాశాను. మే నెలలో మాత్రం వద్దన్నాను. వాళ్ళ కొత్త సంవత్సరం సెలవులు జనవరి చివరో ఫిబ్రవరిలోనో వస్తాయి, అప్పటికి మా దగ్గర కంది కోతలు అయిపోయి శనగ చేలు పండుతూ ఉంటాయి, ఎండ కూడా మనుషులు భరించేట్టుగా ఉంటుంది. ఒంగోలులో రైలు దిగితే నేను వచ్చి తీసుకొస్తాను, చీమకుర్తి క్వారీ చూపిస్తాను, ఎడ్ల పందేలు ఎక్కడ జరుగుతున్నా తీసుకుపోతాను, విస్తట్లో ఏం వదిలినా ఎవరూ ఏమీ అనుకోరని ఇంట్లోవాళ్ళ చేత హామీ ఇప్పిస్తాను. పోయాక మా గురించి ఏం రాసుకున్నా అభ్యంతరం లేదు, ముక్కోపులని మాత్రం ఇంకోసారి వద్దు. కుర్రాడికి ఉద్యోగం వచ్చింది, సెలవు చూసుకుని చెబుతానన్నాడు. ప్రయాణం అమా వల్ల అవుతుందో లేదో డాక్టరును అడగాలట. ఆవిడ మాత్రం ఒక్క ప్రశ్న అడిగించింది, అక్కడ వేడినీళ్ళు దొరుకుతాయా అని. దొరుకుతాయని రాశాను.